పలనాటి కోళ్లు, కాళ్ల తెగుళ్లు

పన్నెండవ శతాబ్దమున బ్రహ్మనాయుడును నాయకురాలు నాగమ్మయు కోడిపోరున రాజ్యమునే పణముగా నొడ్డిరని వీరగాథలు చెప్పు పలనాటిసీమలో, నరసరావుపేట పల్లెలయందు వేకువనే గంప యెత్తిన పెంపకందారునకు మొదట చూడదగినవి కోడి కాళ్లు. మెడ మెలివడి, రెట్ట పచ్చనై, మందయంతయు దినములలో కూలినచో నది కొక్కెర తెగులు. మనదేశమున 1927లో రాణిఖేతునందు గుర్తింపబడినది. ఒక కాలు ముందుకును, వేరొకటి వెనుకకును చాచి పెట్ట యొరగినచో, 1907లో బుడాపెస్టున మారెక్ పండితుడు వర్ణించిన పక్షవాతమని యనుమానింపవలయును. నన్ను మిక్కిలి కదిలించునది మూడవ వృత్తాంతము: బటేవియాలో తెల్లబియ్యపన్నము తిని కాళ్లు పడిపోయిన కోళ్లు, తవుడు తీయని ముడిబియ్యము మేపగా కోలుకొనుట చూచి ఐక్మన్ వైద్యుడు సాగించిన పరిశోధనయే, మనుష్యులను కబళించుచున్న బెరిబెరి వ్యాధి మూలమునకును, బి1 విటమినునకును దారి చూపి, 1929లో ఆయనకు నోబెల్ బహుమానము తెచ్చినది.