తుపాకీకి ట్రస్టు – ఒక చట్టం కథ

పదవీ విరమణ చేసిన మనకు వీలునామా, నామినేషన్, ట్రస్టు అనే మాటలు కొత్తవి కావు. గుడికి, బడికి, సత్రానికి ట్రస్టులుండటం ఎరుగుదుం. కాని తుపాకీకి ట్రస్టు అంటే చాలామందికి వింతగా తోస్తుంది. అమెరికాలో ఇది బాగా వాడుకలో ఉన్న ఏర్పాటు. దాని వెనుక తొంభై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది.

1920 నుంచి 1933 వరకు ఆ దేశంలో మద్యనిషేధం అమలులో ఉండేది. దొంగసారా ముఠాల చేతికి మరతుపాకులు వచ్చాయి. 1929 ఫిబ్రవరి 14న షికాగోలో ఏడుగురిని గోడవారగా నిలబెట్టి కాల్చి చంపారు. దేశం ఉలిక్కిపడింది. 1934లో రూజ్వెల్టు అధ్యక్షుడుగా ఉండగా జాతీయ ఆయుధాల చట్టం వచ్చింది. మరతుపాకులు, గొట్టం కురచగా ఉన్న తుపాకులు, చప్పుడు అణచే సైలెన్సర్లు రిజిస్టరు చేయించాలి. చేతులు మారినప్పుడు 200 డాలర్ల పన్ను కట్టాలి. ఆనాడు ఒక థామ్సన్ మరతుపాకి ధర ఇంచుమించు అంతే!

చిక్కంతా రిజిస్టరులోని పేరుతో వచ్చింది. భర్త పేర ఉన్న ఆయుధం ఆయన ఊళ్లో లేనప్పుడు భార్య అధీనంలో ఉంటే, బీరువా తాళంచెవి ఆమె దగ్గర ఉన్నా సరే, నేరమనే వాదనకు తావుంది. శిక్ష పదేళ్ల వరకు పడవచ్చు. అందుకు న్యాయవాదులు చూపిన దారి ట్రస్టు. ఆయుధం ట్రస్టు పేర ఉంటుంది, ధర్మకర్తలందరూ దానిని చట్టబద్ధంగా ఉంచుకోవచ్చు. యజమాని తదనంతరం ఎవరికి చెందాలో ముందే రాసిపెట్టవచ్చు. అయితే ఆయుధం పట్టరాదని చట్టం నిషేధించిన వ్యక్తి ధర్మకర్త అయినంత మాత్రాన అర్హుడు కాడు.

దీనికి ఇంకొక ఆకర్షణ కూడా ఉండేది. వ్యక్తిగా దరఖాస్తు చేస్తే వేలిముద్రలు, ఫోటో, స్థానిక పోలీసు అధికారి సంతకం కావాలి. ట్రస్టుకు అవేవీ అక్కరలేదు. కుటుంబం కోసం పుట్టిన సదుపాయం తనిఖీ తప్పించుకునే సందుగా మారుతోందన్న విమర్శ వచ్చింది. 2016 జూలై 13 నుంచి బాధ్యులైన ధర్మకర్తలందరూ వేలిముద్రలు, ఫోటోలు ఇవ్వాలని నిబంధన మార్చారు. పోలీసు అధికారి సంతకం తీసివేసి, ఆయనకు తెలియపరిస్తే చాలన్నారు. 2026 జనవరి 1 నుంచి సైలెన్సర్లకు, కురచ తుపాకులకు పన్ను సున్నా అయింది. మరతుపాకులకు ఆ 200 డాలర్లు అలాగే ఉన్నాయి. రిజిస్ట్రేషను మాత్రం దేనికీ తప్పలేదు.

మన దేశంలో ట్రస్టుల చట్టం 1882 నాటిది, ఆయుధాల చట్టం 1959 నాటిది. ఇక్కడ సామాన్య గృహస్థుకు తుపాకీ లైసెన్సు అతని పేరనే ఇస్తారు. అతను కాలం చేస్తే వారసులు ఆ తుపాకీని ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషనులోగాని, లైసెన్సుగల డీలరు వద్దగాని డిపాజిట్ చేయాలి. కావాలనుకుంటే తమ పేర లైసెన్సుకు వేరుగా దరఖాస్తు పెట్టుకోవాలి. తండ్రి జ్ఞాపకమని అటకమీద దాచిన తుపాకీ కొడుకును కోర్టు మెట్లెక్కించగలదు.

మనలో ఎవరింటనైనా పాత తుపాకీ ఉంటే, లైసెన్సు కాగితం ఎక్కడున్నదీ, మన తరువాత ఏం చేయాలన్నదీ ఇంట్లో వారికి ఇప్పుడే చెప్పి ఉంచడం మంచిది. పొలం పత్రాలు, పాసుపుస్తకాల సంగతి ఎలాగూ చెబుతాం. వాటితోపాటు ఈ మాటా ఒకటి.