తాతగారి ఇంటి పాటపెట్టె

బాల్యస్మృతులలో అమ్మమ్మ ఇంటికి, తాతగారి ఇంటికి ఉన్న స్థానం ప్రత్యేకమైనది. తమ ఇంటిలోని వస్తువులను పిల్లలు వాడుకొంటారు గాని అంతగా పరికించరు. తాతగారి ఇంటికి సెలవులలో పోతారు. అక్కడ ప్రతి వస్తువూ వింతగానే తోస్తుంది. అమెరికాలోను, ఐరోపాలోను ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో పెరిగినవారికి అట్టి వింతవస్తువు తనంత తాను మ్రోగే పియానో. దాని ముందు వాద్యకారుడు ఉండనక్కరలేదు. మెట్లు వాటంతట అవే క్రుంగి లేస్తూ ఉంటే పాట సాగిపోతుంది. తెలుగువారి ఇండ్లలో ఆ పనిని ఏ పెట్టెలు చేసినవో, తాతగారి ఇల్లే లేని ఊరిలో పెరిగిన పిల్లలకు అవి ఏమిచ్చినవో విచారించడం మన సాహిత్యానికి కూడ అవసరమే.

ఈ పియానో రహస్యమంతా గాలిలో ఉన్నది. 1895లో డెట్రాయిట్ నగరంలో ఎడ్విన్ వోటీ అనే ఆయన 'పియానోలా' అనే యంత్రాన్ని నిర్మించాడు. మొదట అది పియానో ముందుకు జరిపి నిలిపే వేరొక పెట్టె. కొద్దికాలానికే యంత్రం పియానో కడుపులోకి చేరినది. రెండు తొక్కుడుపలకలను కాళ్లతో మార్చి మార్చి తొక్కితే తిత్తులు లోపలి గాలిని బయటికి లాగివేస్తవి. పొడుగైన కాగితపు చుట్ట ఒకటి వరుసగా రంధ్రాలున్న పట్టీమీదుగా జరుగుతుంది. కాగితంలోని చిల్లు పట్టీలోని రంధ్రానికి ఎదురుగా రాగానే గాలి లోనికి దూరుతుంది. ఆ స్వరానికి చెందిన చిన్న తిత్తి ముడుచుకొని సుత్తిచేత తీగను కొట్టిస్తుంది. పాట అంతా కాగితం లేనిచోటనే ఉన్నదన్నమాట.

1904లో జర్మనీలోని వెల్టే సంస్థవారు ఇంకొక అడుగు ముందుకు వేసి, వాయించినవారి వేగాన్ని, ఒత్తిడిని కూడ చుట్టమీద నిలిపే పద్ధతిని వెలువరించారు. 1905 నవంబరు 9న లీప్జిగ్‌లో గుస్తావ్ మాలర్ ఆ పద్ధతిలో తన రచనలను వాయించాడు. ఆ మహాకర్త వాయింపు నేటికీ వినవస్తున్నదంటే ఆ చిల్లుల కాగితమే కారణం. అయితే ఆ కాగితాన్ని గ్రంథంగా ఎంచవచ్చునా? మనుష్యుడు కంటితో చూచి చదువలేనిది స్వరలిపికి ప్రతి కానేరదని అమెరికా సుప్రీం కోర్టు 1908లో తీర్పు చెప్పినది. మరుసటి యేటి చట్టంతో గాని సంగీతకర్తలకు యంత్రముద్రణపై హక్కు దక్కలేదు. అంతకు ముందే, 1906లో, బ్యాండు సంగీతకర్త జాన్ ఫిలిప్ సూసా యంత్రసంగీతం తెచ్చే ముప్పును గురించి వ్యాసం వ్రాసి, ఇక పిల్లలు సాధన మానివేస్తారని వాపోయినాడు. 1923 ప్రాంతంలో అమెరికాలో తయారైన పియానోలలో సగానికి పైగా ఈ జాతివే. రేడియో, విద్యుత్ పద్ధతిలో చేసిన రికార్డులు, 1929 నాటి ఆర్థికపతనం కలిసి కొద్ది యేండ్లలో వాటిని మూలకు నెట్టినవి.

తెలుగుదేశంలో పియానో సామాన్యుల ఇంటిదాక రాలేదు. దాని ధర, బరువు అట్లుంచితే, మన సంగీతానికి ప్రాణమైన గమకం దాని మెట్లమీద పలుకదు. అదే పడమటినుండి వచ్చిన వయొలిన్ మాత్రం బాలస్వామి దీక్షితుల నాటికే మన చేతికి లొంగినది. వేలు జారినచోట స్వరం కూడ జారుతుంది గనుక అది పరాయిది కాలేదు. 1919లో విజయనగరంలో వెలసిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు కాగా, అక్కడ వయొలిన్ నేర్పిన ద్వారం వేంకటస్వామినాయుడు ఆ వాద్యాన్ని కచేరీలో ప్రధానపీఠం మీద కూర్చుండబెట్టారు.

ఈ రెంటికి నడుమ నిలిచినది హార్మోనియం. ఐరోపాలో కాళ్లతో తొక్కి వాయించే ఆ పెట్టెను కలకత్తాలో ద్వారకానాథ ఘోష్, నేలమీద కూర్చుండి ఎడమచేత తిత్తి ఊదుతూ కుడిచేత మెట్లు నొక్కే విధంగా మలిచాడు. తెలుగు నాటకరంగం దానిని అక్కున చేర్చుకొన్నది. పద్యం అందుకొన్న నటుడికి శ్రుతి పట్టడం, రాగం తీయుచున్నప్పుడు వెంట నడవడం దాని వంతు. నాటకసమాజాల నుండి అది ఇండ్లకు, భజనమందిరాలకు ప్రాకినది. గమకం పలుకదన్న ఆక్షేపణ దానికీ తప్పలేదు. 1940లో ఆకాశవాణి దానిని బహిష్కరించినది. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. రేడియో కాదన్న ఆ ముప్పది యేండ్లలోను హార్మోనియం పల్లెల్లో మ్రోగుతూనే ఉన్నది.

గ్రామఫోను మరొక దారిన వచ్చినది. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్‌జాన్ మొదలైనవారి గానాన్ని ముద్రించాడు. 1908లో ఆ నగరంలోనే రికార్డుల కర్మాగారం ఏర్పడినది. తర్వాత తెలుగు నాటకపద్యాలు, కీర్తనలు మూడేసి నిమిషాల ముక్కలుగా ఇండ్లకు చేరినవి. కీ ఇచ్చి, ముల్లు మార్చి, పళ్లెం త్రిప్పి వేయడం పిల్లలకు దొరికే గొప్ప అధికారం.

ఈ పెట్టెలను వరుసగా నిలిపి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. హార్మోనియం మనిషికి రెండు చేతుల పనినీ, గొంతు పనినీ మిగిల్చినది. తనంత తాను మ్రోగే పియానో కాళ్ల పనిని మాత్రమే మిగిల్చినది. గ్రామఫోను కీ త్రిప్పేపనిని, రేడియో మీట త్రిప్పేపనిని మిగిల్చినవి. శ్రమ తగ్గినకొలదీ పాట సులభమైనది. కాని జ్ఞాపకం పట్టుకొనేది ఆ శ్రమనే. విన్న పాటను మరచినవాడికి కూడ తాతగారు తిత్తి ఊదిన తీరు గుర్తుంటుంది. సూసా భయం సగమే నిజమైనది. యంత్రం పాటను మాన్పించలేదు, పాడే తావును మార్చినది.

ఆ తావు మారడం కిరండూల్ వంటి ఊరిలో స్పష్టంగా కనబడుతుంది. బస్తరు దక్షిణాన, ఎద్దు మూపురాన్ని తలపించే బైలాడిలా కొండల క్రింద ఉన్న ఈ ఊరు నేడు ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాకు చెందినది. ఇనుపరాతిని విశాఖ రేవుకు, అక్కడినుండి జపానుకు చేర్చడానికి 1960లలో కొత్తవలస నుండి అరకు కొండలమీదుగా సుమారు 445 కిలోమీటర్ల రైలుమార్గం వేశారు. 1968లో కిరండూల్ గని పని మొదలుపెట్టినది. రాయి క్రిందికి దిగిన దారినే తెలుగు కుటుంబాలు పైకి ఎక్కినవి. మార్గానికి మొదలు నేటి విజయనగరం జిల్లాలో ఉన్నది. నారాయణదాసు, ద్వారం నడచిన సీమ అది. తుది కిరండూల్. తాతగారి ఇల్లు మొదటి కొసన, క్వార్టరు చివరి కొసన మిగిలినవి.

కిరండూల్ చుట్టుపట్ల తాతల ఇండ్లు లేవనరాదు. అవి మారియా గోండులవి. అడవిదున్న కొమ్ముల తలపాగా ధరించి, డోలు మోగిస్తూ వారు ఆడే ఆటను గ్రిగ్సన్ వంటివారు 1938 నాటికే గ్రంథస్థం చేశారు. ఆ పిల్లలకు తాత పాట గడపలోనే ఉన్నది. గనికి వచ్చిన తెలుగు పిల్లలకు తాత పాట రైలు దిగితే గాని వినబడదు. తక్కిన నెలలలో దానికి బదులు రేడియో. 1963లో విశాఖలోను, 1977లో జగదల్‌పూరులోను ఆకాశవాణి కేంద్రాలు వెలసినవి. సిలోను రేడియో తెలుగు పాటలు సరేసరి.

ఉద్యోగంతో వచ్చిన క్వార్టరు ఉద్యోగంతోనే పోతుంది. పదవీవిరమణ చేసినవాడు సామాను కట్టుకొని దిగువకు పోవలసినవాడే. కావున అక్కడ ఎన్ని తరాలు గడచినా క్వార్టరు తాతగారి ఇల్లు కానేరదు. మూలనున్న హార్మోనియం మనుమడికి మిగలదు. వస్తువు నిలువనిచోట జ్ఞాపకాన్ని నిలుపవలసినది వ్రాతయే. సముద్రతీరపు పల్లెల బాల్యాన్ని, గోదావరి అగ్రహారాల బాల్యాన్ని తెలుగు వచనం ఎంతో ప్రేమతో వర్ణించినది. ఎఱ్ఱమట్టి పట్టిన క్వార్టరులో రేడియో ముందు కూర్చుండి, పొరుగున డోలు వింటూ, వేసవిలో రైలెక్కి తాతగారి పాటపెట్టె చెంతకు చేరిన బాల్యానికి కూడ ఆ వచనంలో చోటు దక్కాలి. పియానో చుట్టను న్యాయస్థానం ప్రతి కాదన్నది, దానిని చదువగల కన్ను లేనందున. గనుల ఊళ్ల జ్ఞాపకాలు కూడ వ్రాతకెక్కనంతకాలం ఇతరులు చదువలేని చుట్టలే. ఆ ఊళ్లలో పెరిగినవారు తమకు గుర్తున్న తాతల చేతులను, వారి పాటలను వ్రాసిపెట్టితే తప్ప అవి మనకు అందవు.