హమైక అంటే మన పుంటికూరే

గడ్డపోతారంలో కెమిస్టుగా పనిచేస్తున్న రోజుల్లో ఓ మిత్రుడు మెక్సికో నుంచి ఎండుపూల పొట్లం తెచ్చాడు. పొట్లం మీద ‘హమైక’ అనుంది, కింద ‘హైబిస్కస్’ అని. మేమంతా మందారమే అనుకున్నాం. మా మెస్సులో వంటచేసే జార్ఖండ్ కుర్రాడు మాత్రం ఒకటి నోట్లో వేసుకుని, ఇది కుద్రుమ్ సార్, ఇంట్లో చట్నీ చేసుకుంటాం అన్నాడు. మరునాడు అంగట్లో ఆకుకూరలమ్మే పెద్దమ్మకు చూపిస్తే ఆమెకు నవ్వాగలేదు. “పుంటిపూలు గద బిడ్డా! గింత దూరం నుంచి తెచ్చుడెందుకు?”

పెద్దమ్మదే కరెక్టు. మందారం దీనికి చుట్టమే గానీ ఇది కాదు. తెలంగాణలో పుంటికూర, కోస్తాలో గోంగూర అంటామే, అందులో ఎర్రరకం ఇది. తాగేది పువ్వును కూడా కాదు. పువ్వు రాలాక కాయను కరుచుకుని ఎర్రగా కండపట్టే రక్షకపత్రాలను.

ఈ మొక్క ఆఫ్రికాది. బానిసలుగా ఓడలెక్కించబడ్డ మనుషులతో పాటు గింజలూ అట్లాంటిక్ దాటాయంటారు. 1707 నాటికే జమైకాలో పండేది. స్పానిష్‌వాళ్ళు ఆ దీవి పేరునే పువ్వుకు పెట్టారు, వాళ్ళ నోట అది ‘హమైక’. తమాషా ఏమిటంటే జమైకావాళ్ళు దాన్ని ఆ పేరుతో పిలవరు. వాళ్ళకది ‘సొరెల్’. క్రిస్మస్‌కి అల్లం వేసి కాచి, రమ్ము కలుపుకుంటారు. మెక్సికోకి మాత్రం పసిఫిక్ దాటొచ్చిన మనీలా ఓడల్లో చేరిందనేవాళ్ళూ ఉన్నారు. ఆ ఓడలాగిన అకాపుల్కో రేవున్న గెరెరో రాష్ట్రమే ఇవాళ అక్కడ హమైక పంటకు పెట్టింది పేరు.

మరి మనం? ఆకు తిన్నాం, కాడ నుంచి నార తీశాం. పుంటికి అక్కచెల్లెలైన గోగు నారే ‘బిమ్లీపటం జూట్’ పేరుతో భీమునిపట్నం రేవు నుంచి ఎగుమతయ్యేది. నెల్లిమర్ల, చిట్టివలస మిల్లుల వెనక ఉన్నదీ ఆ నార వ్యాపారమే. పూలు కొందరిళ్ళలో పచ్చడి అయ్యాయి, మిగతావి చేలోనే ఎండిపోయాయి.

ఇక ఆ కాక్‌టెయిల్‌లో పోసే టెకీలా. అది అగేవ్ మొక్కది, అంటే మన కిత్తనార జాతి. మెక్సికో నుంచొచ్చి మన చేలగట్ల మీద కంచెగా నిలబడింది. దాన్నీ మనం తాడు పేనడానికే చూశాం. వాళ్ళేమో దాని రసం పులియబెట్టి పుల్కే తాగారు, అది వాళ్ళ కల్లు. దుంపను కాల్చి, పులియబెట్టి, బట్టీ పెడితే మెస్కల్. నీలి అగేవ్‌తో చేసే మెస్కలే టెకీలా. మనం నారకు వాడిన మొక్కల జాతులు రెండూ అక్కడ ఒకే గ్లాసులో కలిశాయన్నమాట!

చేయడం కష్టమేం కాదు. కప్పు ఎండుపూలు కడిగి, నాలుగు కప్పుల నీళ్ళలో ఐదు నిమిషాలు మరిగించి, మూతపెట్టి పావుగంట వదిలేయాలి. వడకట్టి అరకప్పు పంచదార కలిపి చల్లార్చాలి. గ్లాసు అంచుకు నిమ్మచెక్క రాసి, ఉప్పూ కారంలో అద్దాలి. 60 మి.లీ. హమైక రసం, 50 టెకీలా, 20 నిమ్మరసం, 20 నారింజ లిక్కర్, ఐసు. టెకీలా లేకపోయినా లోటేం లేదు, మెక్సికోలో ఇంటిల్లిపాదీ తాగేది ఉత్త హమైక నీళ్ళే.

మాకు మొదటిసారి కుదరలేదు. పూలు పిసినారిగా వేసి, బోరు నీళ్ళు ధారాళంగా పోశాం. కషాయం మురికి ఊదారంగులోకి దిగింది. ఆ ఎరుపు ఆంథోసయనిన్లది. పులుపులో ఎర్రగా ఉంటాయి, క్షారం తగిలేకొద్దీ ఊదాకీ నీలానికీ తిరుగుతాయి. దీన్నిబట్టి బోరులో విషం ఉందని తేలదు, గట్టినీళ్ళయినా అంతే చేస్తాయి. కానీ పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టుకు కేసు వెళ్ళిన ప్రాంతమిది. ఆ గిన్నె చూశాక ఎవరికీ తాగబుద్ధి కాలేదు. కుర్రాడు మాట్లాడకుండా దాన్ని పారబోసి, క్యాను నీళ్ళతో మళ్ళీ పెట్టాడు. ఈసారి ఎర్రగా దిగింది.