దీపాలదిన్నె మీద ఏ స్తూపం?

అమరావతి మ్యూజియంలో శిల్పాలు చూసి మహాచైత్యం దగ్గరికి వచ్చేవాళ్ళకి అక్కడ పెద్దగా ఏమీ కనిపించదు. గుండ్రటి దిబ్బ, చుట్టూ నిలబెట్టిన కొన్ని రాళ్ళు, అంతే. ఊరివాళ్ళు దీపాలదిన్నె అన్నది దీన్నే. ఇలాంటి చోట ఆగ్మెంటెడ్ రియాలిటీ బాగా పనికొస్తుంది. ఫోన్ ఎత్తి పట్టుకుంటే చాలు, దిబ్బ మీద అండం, దాని చుట్టూ ప్రాకారం, నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలు లేచి నిలబడతాయి. గ్రీసులోని ఒలింపియా శిథిలాల మీద ఆర్కియోగైడ్ అనే ప్రాజెక్టు ఇలా గుడులు నిలబెట్టి చూపించి ఇప్పటికి ఇరవయ్యేళ్ళు దాటింది.

సరే, మరి మనం నిలబెట్టాల్సిన స్తూపం ఏది?

దాని రూపం మనకు తెలిసింది ముఖ్యంగా దాని రాళ్ళ నుంచే. సున్నపురాతి పలకల మీద శిల్పులు స్తూపాన్నే చెక్కారు. కానీ వాళ్ళు చెక్కింది ఇంజనీరు ప్లాను కాదు, భక్తుడి కంటికి కనిపించిన స్తూపం. పైగా అది ఒక్క తరం కట్టింది కాదు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక పలక మీద క్రీ.పూ. 1వ శతాబ్దంలో బోధివృక్షాన్నీ, దాని కింద ఖాళీ ఆసనాన్నీ చెక్కారు. సుమారు మూడు వందల ఏళ్ళ తర్వాత అదే రాయిని తిప్పి, వెనకవైపు స్తూపాన్ని చెక్కారు. ఫోన్‌లో ఏ వైపు చూపిస్తాం?

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. స్తూపం దానంతటది కూలిపోలేదు. 18వ శతాబ్దం చివర్లో, మన కైఫియత్తుల మెకంజీ వచ్చేసరికే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు కట్టడాల కోసం దిబ్బని తవ్వుతున్నారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్ళు మద్రాసు మీదుగా లండన్ చేరాయి. 1880లో మద్రాసు గవర్నరు, బకింగ్‌హామ్ డ్యూక్, మిగిలిందంతా తవ్వించేశాడు. కొన్ని రాళ్ళని సున్నం కోసం కాల్చేశారు. మెకంజీ బృందం బొమ్మలు గీసిన రాళ్ళలో కొన్ని ఇప్పుడు ఎక్కడా లేవు.

నిండు స్తూపాన్ని మాత్రమే చూపిస్తే ఇదంతా మాయమైపోతుంది. చూసినవాళ్ళు 'కాలం మింగేసింది, పాపం' అనుకుని ఇంటికెళ్తారు. అందుకే ఆ బొమ్మలో ఒక్కో రాయినీ తాకి చూసే వీలుండాలి. ఒకటి తాకితే ఎగ్మూరు, ఇంకోటి తాకితే లండన్, మరోటి సున్నపు బట్టీ అని రావాలి. ఊహించి గీసిన భాగం వేరే రంగులో ఉండాలి. వీటన్నిటితో పాటు, ఫోన్ దించగానే కనిపించే ఆ ఖాళీ దిబ్బ ఎలా ఖాళీ అయిందో కూడా చెప్పాలి.