పర్యావరణ ప్రవర్తనపై సంస్కృతి ప్రభావం: బిష్ణోయీలు, జమ్మి చెట్టు

మనిషి ప్రకృతిని ఏ కంటితో చూస్తాడో ఆ తీరుగానే వాడుకుంటాడని చాలామంది నమ్మకం. అమెరికన్ చరిత్రకారుడు లిన్ వైట్ 1967లో 'సైన్స్' పత్రికలో రాసిన వ్యాసం దీనికి బలమిచ్చింది. సృష్టి అంతా మనిషి కోసమేనన్న పాశ్చాత్య క్రైస్తవ భావనలోనే నేటి పర్యావరణ సంక్షోభానికి మూలాలున్నాయని ఆయన వాదం. మరుసటి ఏడాదే భూగోళ శాస్త్రవేత్త యీ-ఫూ తువాన్ చైనాను చూపించి ఆ వాదంలోని లొసుగు బయటపెట్టాడు. ప్రకృతితో సామరస్యాన్ని అంతగా కీర్తించిన దేశంలోనూ అడవులు తరిగిపోయాయి. బౌద్ధంతో పాటు వ్యాపించిన శవదహనం ఆగ్నేయ తీరంలో కలప కొరతకు ఒక కారణమైంది. అంత దూరం పోనక్కర్లేదు. తల్లిగా కొలిచే గంగలోకే ఊళ్ల మురుగు చేరుతుంటే 1986లో గంగా కార్యాచరణ ప్రణాళిక మొదలుపెట్టాల్సి వచ్చింది. నది ఎన్నటికీ పవిత్రమేనన్న నమ్మకం మురుగును ఆపకపోగా, దాన్ని చూసీ చూడనట్టు పోవడానికి కొంత వీలు కల్పించిందేమో కూడా. భక్తి ఒక్కటే చాలదు. అది ఫలానా పని చేయరాదన్న కట్టుబాటుగా మారి, తప్పితే నిలదీసేవాళ్లు ఊళ్లోనే ఉన్నప్పుడు సంస్కృతి మనిషి నడతను మారుస్తుంది.

రాజస్థాన్ బిష్ణోయీలు ఇందుకు గట్టి ఉదాహరణ. 1485లో జంభేశ్వరుడు స్థాపించిన ఈ సంప్రదాయానికి 29 నియమాలున్నాయి. పచ్చని చెట్టు నరకరాదు, జీవుల మీద దయ చూపాలి, నీళ్లు వడకట్టి తాగాలి: ఇలా చాలావరకు రోజువారీ పనులకు సంబంధించినవే, పాటించారో లేదో పొరుగువాడికి ఇట్టే తెలిసిపోయేవే. 1730లో మార్వాడ్ రాజు అభయ్ సింగ్ మనుషులు కలప కోసం ఖేజర్లీ ఊరి చెట్ల మీదికి గొడ్డళ్లతో వచ్చినప్పుడు అమృతాదేవి అనే స్త్రీ చెట్టును కౌగిలించుకొని ప్రాణం విడిచిందనీ, ఆమె వెనుక మరెందరో నిలబడి మొత్తం 363 మంది చనిపోయారనీ బిష్ణోయీల సంప్రదాయం చెబుతుంది. ఆ తర్వాత రాజు బిష్ణోయీ గ్రామాల్లో చెట్ల నరికివేతను, వేటను నిషేధించాడంటారు. అలాగైతే కాపాడింది రాజాజ్ఞే కదా, సంస్కృతి ఎక్కడిది అనవచ్చు. కానీ 1972 నాటి వన్యప్రాణుల చట్టం ఇప్పుడు దేశమంతటా ఉంది. బిష్ణోయీల మాదిరిగా వేటగాళ్లను వెంటాడి పట్టుకొని, ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి సాక్ష్యం చెప్పే ఊళ్లు మాత్రం అన్నిచోట్లా లేవు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఉపయోగానికి సంబంధించినది. ఖేజర్లీలో కాపాడుకున్న చెట్టు పేరు ఖేజ్రీ. అది మనకు పరాయి చెట్టు కాదు, మన జమ్మే. ఎడారి రైతుకు అది వేసవిలో పశువుల మేత, కూరకు కాయలు ఇస్తుంది. దాని నీడన సజ్జ బాగా పండుతుంది. లాభం ఉంది గనుక కాపాడుకున్నారు, మతం దానికొక ముసుగు మాత్రమే అనే వాదన చెట్టు వరకు కొంత నిజం. బిష్ణోయీలు కాపాడే కృష్ణజింక దగ్గరికి వచ్చేసరికి ఆ వాదన నిలవదు. చేలో పడి పైరు మేసే జంతువును లాభం కోసం ఎవరూ కాపాడరు. పైగా అదే జమ్మిని తెలుగువాళ్లూ పూజిస్తారు. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టని దసరా నాడు ప్రదక్షిణ చేస్తారు, తెలంగాణలో ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి మొక్కుతారు. ఆ పండగకే కొమ్మలు విరుస్తారు! మన భక్తి తక్కువదని కాదు. అది ఒక రోజుకు పరిమితమైంది, మిగతా ఏడాది చెట్టును ఏం చేయకూడదో చెప్పదు. రాజస్థాన్ 1983లో, తెలంగాణ 2014లో జమ్మిని రాష్ట్ర వృక్షంగా ప్రకటించాయి. ఆ గౌరవమూ పూజలాంటిదే, దానంతటది గొడ్డలిని ఆపదు.

కట్టుబాటు ఉన్నచోట కూడా సంస్కృతి అన్ని సమస్యలకూ జవాబు చెప్పలేదు. నీళ్లు వడకట్టమన్న 15వ శతాబ్దపు నియమం బోరుబావి ఎంత లోతుకు పోవచ్చో చెప్పదు. కంటికి కనిపించే చెట్టు, జింకల విషయంలో కట్టుబాటు పదునైనది. కనిపించని భూగర్భ జలం, గాలిలోని బొగ్గుపులుసు వాయువు విషయంలో మొద్దుబారుతుంది. పశ్చిమ రాజస్థాన్‌లో సౌర విద్యుత్ కేంద్రాల కోసం ఖేజ్రీ చెట్లు కొట్టేస్తుంటే బిష్ణోయీలు ఆందోళనకు దిగారు. వాతావరణ మార్పును అడ్డుకోవడానికి సౌరశక్తి కావాలనేవారికి ఇది మూర్ఖపు పట్టుగా కనిపించవచ్చు. అయితే బిష్ణోయీలు ఎదిరిస్తున్నది సౌరశక్తిని కాదు, చెట్టున్న నేలనే దానికోసం ఎంచుకోవడాన్ని.