పహాణీ పుస్తకము – గణకయంత్రము

కంప్యూటరు తప్పు చేయదని లోకమున ఒక ప్రతీతి కలదు. కూడికలయందును తీసివేతలయందును ఆ కీర్తి న్యాయమైనదే. అయినను మన భూముల లెక్కలలో ఆ యంత్రము నడచిన చరిత్రను పరిశీలించినచో, ఆ నమ్మకము ఎంతవరకు చెల్లునో తెలియగలదు.

గోదావరి కిరువైపుల లెక్క మొదటినుండియు వేరు. ఖమ్మము ప్రాంతము నైజాము రాజ్యములోనిది. ఇచ్చట భూమి లెక్కకు పహాణీ యని పేరు. ఎకరమునకు 40 గుంటలు. 1954–55లో వ్రాయబడిన ఖాస్రా పహాణీ నేటికిని వివాదములలో ముఖ్యాధారముగా చూపబడుచున్నది. భద్రాచలము 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో నుండెను. అచ్చట మదరాసు పద్ధతి చొప్పున అడంగలు. ఎకరమునకు 100 సెంట్లు. కావున 2–20 అని వ్రాసినచో గుంటల లెక్కలో రెండున్నర ఎకరములు. సెంట్ల లెక్కలో రెండెకరముల ఎనిమిది గుంటలు మాత్రమే. నడుమ 12 గుంటల నేల! ఏ లెక్కయో మనుష్యుడు చెప్పనిదే యంత్రమునకు తెలియదు.

2017 సెప్టెంబరు 15న తెలంగాణ ప్రభుత్వము భూరికార్డుల ప్రక్షాళనము నారంభించెను. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చెను. తహసీలు కచ్చేరిలో రిజిస్ట్రేషనైన నాడే పట్టా పేరు మారుట గొప్ప సౌకర్యము. కాని వివాదము కలదని పార్టు–బిలో చేర్చిన భూముల రైతులు పాసుపుస్తకములకై వేచియుండవలసి వచ్చెను. పేరులో ఒక అక్షరము, విస్తీర్ణములో ఒక అంకె తప్పినను యంత్రము దానినే నిత్యము చూపుచుండెను. పాత పహాణీలో కొట్టివేతలు కంటికి కనబడెడివి. ఆ కొట్టివేతల చాటున అన్యాయములును జరిగెడివి. తెరమీద తప్పును ఒప్పును ఒకే చక్కని అక్షరములలో నుండును.

తప్పు దిద్దు అధికారములలో కొన్ని 2024 మార్చిలో తహసీల్దారులకును ఆర్డీవోలకును ఇయ్యబడెను. 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టము అమలులోనికి వచ్చెను. ఇందు అప్పీలునకు అవకాశము కలదు. మొదట పరీక్షకై ఎన్నుకొనిన నాలుగు మండలములలో రామదాసు జన్మస్థలమైన మన నేలకొండపల్లి యొకటి.

యంత్రము తనకిచ్చిన దానిని భద్రముగా దాచును; అది నిజమా యని విచారింపదు. ఆ విచారణ భూమి గలవానిది. కావున చదువరులు ఏటేట తమ సర్వే నంబరును, పేరును, విస్తీర్ణమును తెరపై చదివి, ఇంటనున్న పాత కాగితములతో పోల్చుకొనవలెను. చదువురాని పొరుగువారికి చదివి చెప్పవలెను. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మనకిచ్చిన చదువునకు అంతకంటె మంచి వినియోగము లేదు.