కర్నూలు–కడప కాలువ: ప్రైవేటు పెట్టుబడి, ప్రజల పూచీ

వర్ధమాన దేశాల్లో మౌలిక వసతుల కల్పనకు ప్రైవేటు పెట్టుబడిని ఆహ్వానించడం ఇటీవలి పరిణామమన్న అభిప్రాయం ఉంది. రాయలసీమలో దీనికి నూట అరవై ఏళ్ల చరిత్ర ఉంది. కర్నూలు–కడప కాలువ ఆధారంగా, ఇటువంటి ఏర్పాటులో నష్టభారం ఎవరు మోశారో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట ప్రభుత్వ ధనంతో 1852 నాటికి పూర్తయింది. దాని విజయం లండన్ మదుపరుల్లో నీటిపారుదలపై ఆశలు రేపింది. సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడింది. తుంగభద్ర నీటిని సేద్యానికీ, పడవల రాకపోకలకూ వినియోగించాలన్నది దాని సంకల్పం. పది లక్షల పౌండ్ల మూలధనంపై ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం పూచీపడింది. 1849లో రైల్వే కంపెనీలతో మొదలైన పద్ధతే ఇది.

కర్నూలుకు ఎగువన సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, 1860వ దశకంలో కడప వరకు సుమారు 300 కిలోమీటర్ల కాలువ తవ్వారు. ఖర్చు అంచనాలను మించింది. ప్రభుత్వమే మరికొంత ధనం సర్దవలసి వచ్చింది. నీరు పారినా ఆయకట్టు ఆశించినంత పెరగలేదు. కాలువ కింద విస్తారంగా ఉన్నది నల్లరేగడి. తేమను నిలుపుకొనే ఆ నేలలో జొన్న, పత్తి వర్షాధారంగానే పండేవి. వానలు కురిసిన ఏడు నీటితీరువా కట్టడం రైతుకు గిట్టుబాటు కాదు. పాలకులు దీన్ని రైతుల విముఖతగా చూసినా, నిజానికి అది సేద్యపు లెక్క. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనుగోలు చేసింది.

ఇక్కడ గమనించవలసిన అంశం పూచీ స్వభావం. పొలం తడిసినా తడవకపోయినా మదుపరికి వడ్డీ అందుతుంది. కనుక నేల గుణాన్నీ, రైతు అవసరాన్నీ ముందుగా విచారించవలసిన ఒత్తిడి కంపెనీపై తగ్గింది. ఆ వడ్డీ చెల్లించింది భారత రెవెన్యూ. అందులో ప్రధాన భాగం భూమిశిస్తు. అంటే కాలువ నీరు తీసుకోని రైతు కూడా ఆ కాలువకు మూల్యం చెల్లించాడు.

అయితే ఆ పూచీ లేకపోతే లండన్ నుంచి అంత ధనం వచ్చేది కాదన్న వాదనను తోసిపుచ్చలేం. ఆ కాలువ నేటికీ కర్నూలు, కడప ప్రాంతాల పొలాలకు నీరందిస్తోంది. కాబట్టి చరిత్ర మన ముందుంచే ప్రశ్న ప్రభుత్వమా, ప్రైవేటా అన్నది కాదు. లాభాన్ని ఒకరికి, నష్టాన్ని మరొకరికి రాసిచ్చే ఒప్పందంలో, నష్టం భరించేవారి మాటకు చోటుందా అన్నదే. నేటి కనీస ఆదాయ హామీలను చదివేటప్పుడూ ఈ ప్రశ్నే గీటురాయి కావాలి.